మొక్కల బ్రీడింగ్ పాత చదువా? ఒక మిరప రైతుకు జవాబు

ప్రశ్న: మాది పల్నాడు జిల్లా. మూడెకరాల మిరప రైతుని. మా అమ్మాయి బైపీసీతో ఇంటర్ పూర్తిచేసింది. నీట్‌లో ర్యాంకు రాలేదు. ఈఏపీసెట్‌లో మంచి ర్యాంకే వచ్చింది. బీఎస్సీ హార్టికల్చర్‌లో చేరి కూరగాయల్లో కొత్త రకాలు తయారుచేస్తానంటోంది. 2021-22లో నల్ల తామర పురుగుకు మా చేను మొత్తం పోయింది. అప్పుడు పిల్ల తొమ్మిదో తరగతి. చేలో ఒకే ఒక్క మొక్క పచ్చగా మిగిలితే దాని పండ్లు కోసుకొచ్చి గింజలు డబ్బాలో దాచుకుంది. ఈ పిచ్చి అప్పట్నుంచే. హైదరాబాద్‌లో ఉండే మా బావమరిదేమో, గింజలేరుకునే పాత పద్ధతి చదువు ఎందుకు, ఇప్పుడంతా జీన్ ఎడిటింగే, బీటెక్ బయోటెక్నాలజీలో వెయ్యి అంటున్నాడు. నేనూ కోపంలో ‘మేం మట్టి పిసికింది చాలదా, నువ్వూ పిసుకుతావా’ అని అరిచాను. రెండు రోజులుగా పిల్ల సరిగ్గా తినడం లేదు. రెండు కోర్సులూ పోల్చి ఏది మంచిదో చెప్పండి.

జవాబు: ప్రతి జూన్‌లోనూ ఈ ప్రశ్న నాకు వస్తుంది. పంట మారుతుంది, జిల్లా మారుతుంది. బావమరిది చోట ఒక్కోసారి ట్యూషన్ మాస్టారు ఉంటారు, ఒక్కోసారి అమెరికాలో ఉన్న పెదనాన్న కొడుకు ఉంటాడు. అడిగేది కోర్సుల గురించే. లోపల ఉన్న దిగులు మాత్రం, నేను పడ్డ పాట్లు నా బిడ్డ పడకూడదని. అందుకే ముందు దానికి జవాబు చెప్పి, పోలిక తర్వాత చేస్తాను.

మిమ్మల్ని కుంగదీసింది మట్టి అనుకుంటున్నారు. ఒక్కసారి కూర్చుని లెక్క వేసుకోండి. కౌలు, విత్తనం, వారానికో మందు, కోత కూలీ, దాని మీద వడ్డీ. ఇన్నీ పెట్టాక పురుగొచ్చి చేను పీకేయాల్సి వచ్చింది. పంట చేతికొచ్చిన ఏడు యార్డులో రేటు లేదు. మీరు మోసిన బరువు ఇదీ. పొలంలో నిలబడి మొక్కల్ని పరిశీలించి జీతం తీసుకునే మనిషి మీద ఈ బరువేదీ పడదు. ఆమె చేసిన క్రాసింగ్ (ఒక మొక్క పుప్పొడిని ఇంకో మొక్క పువ్వుకు అద్దడం) వంద సార్లు విఫలమైనా నెలాఖరుకు జీతం వస్తుంది. ఆ వంద వైఫల్యాలూ ఆమె పుస్తకంలోకి ఎక్కుతాయి, ఆమె అప్పులోకి ఎక్కవు. మీ ఇద్దరి కాళ్లకూ అంటేది అదే మట్టి అయినా బతుకులు వేరు. ఇది మీరు గ్రహిస్తే మిగిలిన జవాబు సగం అయిపోయినట్టే.

ఇప్పుడు మీరు బాధపడినా ఒక మాట అనాలి. ఆ పిల్ల తొమ్మిదో తరగతిలో చేసిన పనిని మీరు ‘పిచ్చి’ అని రాశారు. అంత పెద్ద దెబ్బ తగిలి ఇంట్లో అందరూ తలపట్టుకుని కూర్చున్న రోజుల్లో, చచ్చిన చేలో దిగి బతికిన మొక్కను వెతికిన పిల్ల అది. బ్రీడర్, అంటే కొత్త రకాలు తయారుచేసే శాస్త్రవేత్త, కావడానికి కావాల్సిన మొదటి లక్షణం ఆ చూపే. ఏ యూనివర్సిటీ సిలబస్‌లోనూ అది దొరకదు. దాన్ని పట్టుకుని మట్టి పిసుకుతావా అని అరిచారు. ఈ ఉత్తరం నాకు రాయడానికి ముందే ఆ మాట అమ్మాయి దగ్గర వెనక్కి తీసుకోవాల్సింది. ఇప్పటికైనా తీసుకోండి.

‘పాత పద్ధతి’ అన్నారు కనుక అందులో ఏం జరుగుతుందో మీ చేను భాషలోనే చెబుతాను.

ఒకే విత్తనం పాకెట్ వేసినా, ఒకే నారుమడి నుంచి తెచ్చి నాటినా, ఏ రెండు మొక్కలూ అచ్చంగా ఒకేలా ఉండవని మీకు తెలుసు. కొంత తేడా నీరు, ఎరువు, నేల వల్ల వస్తుంది. కొంత పుట్టుకతోనే వస్తుంది. పుట్టుకతో వచ్చే ఆ తేడానే జన్యు వైవిధ్యం అంటారు. ప్రకృతిలో అది ఎప్పుడూ ఊరుతూనే ఉంటుంది. బ్రీడర్ ఆ తేడాల్లోంచి పనికొచ్చేవాటిని ఏరి, ఒకదానితో ఒకటి కలిపి, వచ్చిన పిల్లల్లో మళ్లీ ఏరి, ఆ గుణం తరతరానికీ తప్పకుండా వచ్చేలా స్థిరపరుస్తాడు. గుంటూరు సన్నం ఘాటుకు, వరంగల్ చపాట రంగుకు పేరు తెచ్చుకున్నాయంటే, ఎన్నో తరాలపాటు రైతులు కళ్లంలో పండు చూసి విత్తనానికి పక్కన పెట్టుకోవడం వల్లే. వాళ్లు కంటితో చేసిన పనిని బ్రీడర్ లెక్కతో, రికార్డుతో, జన్యుశాస్త్రంతో చేస్తాడు.

మీ అమ్మాయి దాచిన గింజల సంగతే చూద్దాం. అమ్మా, ఈ భాగం నువ్వు కూడా చదువు.

ఆ మొక్క పురుగును నిజంగా తట్టుకుందా, లేక తప్పించుకుందా? తట్టుకుంటే ఆ గుణం దాని రక్తంలో ఉన్నట్టు. తప్పించుకుంటే, గట్టు పక్కన ఉండో, ఆలస్యంగా నాటడం వల్లో పురుగు దాని మీద అంతగా వాలలేదన్నమాట. ఒక్క మొక్కను చూసి ఈ రెండింటిలో ఏదో ఎవరూ చెప్పలేరు. దాని గింజలు వరుసగా నాటి, పక్కనే మామూలు రకం నాటి, రెండింటి మీదా పురుగు వాలనిచ్చి చూడాలి. చాలాసార్లు ఆశ నీరుగారిపోతుంది. నూటికి ఎక్కువ భాగం తప్పించుకున్న మొక్కలే అయి ఉంటాయి. ఈ చదువులో మొదట నేర్చుకోవాల్సింది ఈ నిరాశను తట్టుకోవడమే.

రెండోది. ఆ ఏడు మీరు వేసింది హైబ్రిడ్, అంటే రెండు రకాల్ని కలిపి చేసిన విత్తనం అయితే, ఆ గింజల నుంచి వచ్చే మొక్కలు ఒక్కోటి ఒక్కోలా ఉంటాయి. ఒకటి పొడుగు, ఒకటి గుబురు, ఒకదాని కాయ సన్నం, ఇంకోదాని కాయ లావు. అందుకే హైబ్రిడ్ పండ్ల నుంచి తీసిన గింజలు మళ్లీ వేయొద్దని రైతులకు చెబుతారు. బ్రీడర్‌కు మాత్రం ఆ విడిపోవడమే కావాలి. అందులో వందల మొక్కలు చూసి, నాలుగైదు ఎంచుకుని, వాటికి వల కట్టి, సొంత పుప్పొడితోనే గింజ కట్టేలా చేసి, వచ్చే ఏడు ఒక్కో మొక్క గింజల్ని ఒక్కో వరుసగా వేస్తారు. వల ఎందుకంటే మిరప పూలలో తేనెటీగలు పక్క మొక్కల పుప్పొడి తెచ్చి కలిపేస్తాయి. ఇలా ఆరేడు తరాలు గడిస్తే వరుసలో మొక్కలన్నీ ఒకే పోలికకు వస్తాయి. ఆ తర్వాత వేర్వేరు నేలల్లో, వేర్వేరు సీజన్లలో పరీక్షలు. ఒక రకం బయటికి రావడానికి ఎనిమిది, పదేళ్లు పడుతుంది. మీ ఊళ్లో అందరికీ తెలిసిన ఎల్‌సీఏ-334 మిరప రకం కూడా ఇలాంటి ఓపికతోనే గుంటూరు పక్కన లాం ఫారంలో పుట్టింది.

నాకు బాగా ఇష్టమైన సంగతి ఒకటి చెబుతాను. 1925లో అమెరికాలో, కాలిఫోర్నియాలోని డేవిస్‌లో హెన్రీ జోన్స్ అనే శాస్త్రవేత్త ఉల్లి మళ్లు చూస్తున్నాడు. ఇటాలియన్ రెడ్ అనే రకంలో ఒక మొక్కకు పువ్వులున్నాయి గానీ గింజ కట్టలేదు. దానికి పుప్పొడే లేదు. మరొకరైతే పీకి పారేసేవాళ్లు. అదృష్టవశాత్తూ ఆ మొక్క పూగుత్తిలోనే చిన్న చిన్న ఉల్లి పిలకలు వేసింది. ఆయన వాటిని నాటి మొక్కను బతికించాడు. ఉల్లి పువ్వు ఎంత చిన్నదో మీకు తెలుసు, గుత్తికి వందలు. ఒక్కో పువ్వులోంచి కేసరాలు చేత్తో తీసి హైబ్రిడ్ విత్తనం చేయాలంటే అయ్యే పని కాదు. పుప్పొడి లేని ఆడ మొక్క దొరికేసరికి ఆ పని తేనెటీగలకు వదిలేయొచ్చని తేలింది. ఆ పుప్పొడిలేమి ఎలా సంక్రమిస్తుందో తేల్చి, ఆయన, క్లార్క్ అనే మరో శాస్త్రవేత్త 1943లో ప్రచురించారు. హైబ్రిడ్ ఉల్లి అంతా అక్కడ మొదలైంది. దానికి మూలం ఒక మళ్లో కనబడిన ఒక తేడా మొక్క. పద్దెనిమిదేళ్లు దాన్ని వదలని మనుషులు.

మన దేశంలో బెండను చూడండి. పల్లాకు తెగులు వస్తే తోట మొత్తం పసుపు పచ్చగా అయిపోతుంది, మీ చుట్టుపక్కల చూసే ఉంటారు. ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధన సంస్థ నుంచి వచ్చిన పూసా సావనీ కొన్నేళ్లు దాన్ని తట్టుకుంది. తర్వాత లొంగిపోయింది. మామూలు బెండల్లో గట్టి నిరోధం దొరక్కపోయేసరికి శాస్త్రవేత్తలు అడవి బెండ జాతుల దగ్గరికి వెళ్లారు. అడవి మొక్కతో కలిపితే వచ్చిన సంకరం సరిగ్గా గింజ కూడా కట్టదు. కాయ ముళ్లు, పీచు. దాన్ని మళ్లీ మళ్లీ మంచి బెండతో కలుపుతూ, చెడ్డ గుణాలు పోగొడుతూ, నిరోధాన్ని మాత్రం కాపాడుకుంటూ వచ్చారు. పర్భనీ క్రాంతి, బెంగళూరు నుంచి అర్క అనామిక అలా వచ్చినవే. కాలక్రమంలో వాటి బలమూ తగ్గింది, ఎందుకంటే వైరస్ కూడా మారుతుంది. ఈ ఉద్యోగానికి పని ఎప్పటికైనా అయిపోతుందా అని మీరు భయపడనక్కర్లేదు.

ఇక మీ బావమరిది చెప్పిన దారి. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఏటా ఈ మాట విని చేరిపోయే పిల్లల్ని చూస్తున్నాను.

జీన్ ఎడిటింగ్, అంటే మొక్క సొంత జన్యువును ల్యాబ్‌లో దిద్దడం, గొప్ప విద్యే, అందులో నాకు సందేహం లేదు. నా సందేహమంతా, జీన్ ఎడిటింగ్ అని వార్తల్లో విని నాలుగేళ్ల బీటెక్‌లో చేర్చడం మీద. 2025 మే నెలలో మన దేశపు మొదటి జీనోమ్ ఎడిటింగ్ వరి రకాలు రెండు ప్రకటించారు. పేపర్లన్నీ రాశాయి, మీ బావమరిది చూసే ఉంటారు. ఆ రెండింటి మూలాలు ఎవరివో తెలుసా? ఒకటి సాంబమసూరి, మన బాపట్ల బీపీటీ-5204. రెండోది ఎంటీయూ-1010, మన మారుటేరు కాటన్‌దొర సన్నాలు. రెండూ పొలంలో ఏళ్ల తరబడి ఎంపిక చేసి నిలబెట్టిన రకాలు. ల్యాబ్‌లో దిద్దింది ఒక్కోదాంట్లో ఒక్కో జన్యువును మాత్రమే. దిద్దడానికి ముందు పుస్తకం ఉండాలి కదా. ఏ రకాన్ని దిద్దాలి, ఏ గుణం రైతుకు కావాలి, దిద్దాక అది పొలంలో నిలబడుతుందా అన్న ప్రశ్నలకు జవాబు చెప్పేది బ్రీడరే.

ఇంకో సంగతి. వేరే జీవి జన్యువును చొప్పించిన జన్యుమార్పిడి వంకాయ, అదే బీటీ వంకాయ, కథ గుర్తుందా? 2009 అక్టోబరులో కేంద్ర కమిటీ ఆమోదించింది. హైదరాబాద్ సహా ఏడు నగరాల్లో బహిరంగ చర్చలు జరిగాయి. 2010 ఫిబ్రవరిలో కేంద్రం ఆపేసింది, ఇప్పటికీ మన రైతు చేతికి రాలేదు. బంగ్లాదేశ్‌లో 2014 నుంచి సాగవుతోంది. ఎవరిది ఒప్పు అన్న వాదనలోకి నేను వెళ్లను. కానీ పద్దెనిమిదేళ్ల పిల్ల జీవితాన్ని ఒక్క ల్యాబ్ టెక్నిక్‌కే కట్టేస్తే, ఆ టెక్నిక్ ప్రభుత్వ అనుమతి కోసం ఎన్నేళ్లు ఆగితే ఆమె కూడా అన్నేళ్లు ఆగాలి. ఎడిటింగ్ విషయంలో 2022లో కొన్ని రకాల దిద్దుబాట్లకు నిబంధనలు సడలించారు, అది మంచిదే. సహజంగా పుట్టిన తేడాలతో చేసిన వంకాయకు మాత్రం అలాంటి ఎదురుచూపు ఎప్పుడూ లేదు.

నా దగ్గరికి వచ్చే బీటెక్ బయోటెక్నాలజీ పిల్లల్లో చాలామంది నాలుగో ఏడు చివర్లో వస్తారు. ‘సార్, ఇప్పుడేం చేయాలి’ అని. ఆ డిగ్రీ ఒక్కదానితో పరిశోధన ఉద్యోగం రాదు, పీజీ, పీహెచ్‌డీ దాకా వెళ్లాలని అప్పుడు తెలుస్తుంది. వాళ్లలో కొందరు బాగా చదివి పైకి వెళ్లారు. చాలామంది సాఫ్ట్‌వేర్ కోచింగ్‌కు మళ్లారు. చక్కటి ల్యాబులున్న పెద్ద సంస్థలో సీటు వస్తే వేరే మాట. పరికరాలకు గుడ్డ కప్పి ఉంచే కాలేజీలో మీరు ఫీజు కట్టి చేర్పిస్తే, ఆ అమ్మాయి జన్యువును పుస్తకంలో తప్ప చూడదు, మిరపను అసలే చూడదు.

పోలిక అడిగారు కనుక తేడా సూటిగా చెబుతాను. కూరగాయల బ్రీడర్ కావాలని విత్తన కంపెనీ ప్రకటన ఇస్తే, ఎమ్మెస్సీ వెజిటబుల్ సైన్స్ గానీ, జెనెటిక్స్ అండ్ ప్లాంట్ బ్రీడింగ్ గానీ అడుగుతుంది. మొదటిదానికి హార్టికల్చర్ డిగ్రీ నుంచి, రెండోదానికి ముఖ్యంగా అగ్రికల్చర్ డిగ్రీ నుంచి వెళతారు. బీటెక్ బయోటెక్నాలజీ చదివి ఈ రెండింటిలోకి మారడం సాధారణంగా కుదరదు. అదే హార్టికల్చర్ చదివిన పిల్ల, పీహెచ్‌డీ వేళకు మార్కర్లూ (మొక్కలో ఏ జన్యువు ఉందో చూపే గుర్తులు), టిష్యూ కల్చరూ (చిన్న ముక్క నుంచి ల్యాబ్‌లో మొక్కను పెంచడం) నేర్చుకుని ల్యాబ్‌లోకి వెళ్లొచ్చు. అటు నుంచి ఇటు తలుపు దాదాపు మూసి ఉంటుంది, ఇటు నుంచి అటు తెరిచే ఉంటుంది. నేను బీఎస్సీ వైపు మొగ్గడానికి ముఖ్యమైన కారణం ఇదే.

రెండూ కలిసే చోటు కూడా ఉంది. 1970లో కెనడాలో తెల్ల కాలీఫ్లవర్ తోటలో ఒక మొక్కకు నారింజ రంగు పువ్వు వచ్చింది. ఎవరూ చేయలేదు, దానంతటదే పుట్టింది. ఆ రంగు బీటా కెరోటిన్‌ది, మన ఒంట్లో విటమిన్-ఎ అయ్యే పదార్థం. ఆ జన్యువునే మన ఢిల్లీ శాస్త్రవేత్తలు ఇక్కడి కాలీఫ్లవర్‌లోకి క్రాసింగ్‌ల ద్వారా తెచ్చి, ఏ మొక్కలో జన్యువు ఉందో మార్కర్లతో పసిగట్టి, పూసా బీటాకేసరి అనే రకం విడుదల చేశారు. పొలంలో దొరికిన తేడా, ల్యాబ్‌లో దాని జాడ, మళ్లీ పొలంలో ఎంపిక. మీ అమ్మాయి చదవాలనుకుంటున్నది పాతదో కొత్తదో ఇప్పుడు మీరే చెప్పండి.

కష్టాలూ దాచను. మొదటి జీతం సాఫ్ట్‌వేర్ వాళ్లంత ఉండదు. నాలుగేళ్ల డిగ్రీతో బ్రీడర్ కాలేదు. ఎమ్మెస్సీ రెండేళ్లు, ఆ పైన పీహెచ్‌డీకి మూడు నాలుగేళ్లు. అంటే పాతికేళ్లు దాటేదాకా చదువే. పెళ్లి మాట ఎత్తకుండా మీరు ఆగగలరా అన్నది ఇంట్లో ఇప్పుడే మాట్లాడుకోండి. ప్రైవేటు కాలేజీ అయితే ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) గుర్తింపు ఉందో లేదో కాగితం మీద చూడందే డబ్బు కట్టకండి. ఆ గుర్తింపు లేక పీజీ దగ్గర ఇరుక్కుపోయిన పిల్లల కన్నీళ్లు నేను చూశాను. వెంకట్రామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయం పరిధిలో ప్రభుత్వ సీటు వస్తే రెండో ఆలోచన వద్దు. రైతు కోటాకు మీ పొలం పాస్‌బుక్, అమ్మాయి చదువు సర్టిఫికెట్లు ఇవాళే తీసి పెట్టుకోండి.

ఆడపిల్ల పొలాల్లో ఒంటరిగా అని కూడా మీ మనసులో ఉండే ఉంటుంది, రాయలేదు అంతే. హైబ్రిడ్ విత్తన క్షేత్రాల్లో సాయంత్రం మొగ్గ విప్పి కేసరాలు తీసేదీ, పొద్దున్నే పుప్పొడి అద్దేదీ చాలావరకు ఆడవాళ్లే. ఆ పని చేయించే శాస్త్రవేత్తల్లోనూ ఆడవాళ్లున్నారు. హార్టికల్చర్ కాలేజీకి వెళ్లి ఏ క్లాసులోనైనా తొంగి చూడండి, మీ అమ్మాయిలాంటి వాళ్లే కనబడతారు. హైదరాబాద్ చుట్టుపక్కలే విత్తన కంపెనీల పరిశోధన క్షేత్రాలున్నాయి, పటాన్‌చెరులో ఇక్రిశాట్ (అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ) ప్రాంగణంలో ప్రపంచ కూరగాయల కేంద్రం దక్షిణాసియా కార్యాలయం ఉంది, రాజేంద్రనగర్‌లో జాతీయ జన్యుబ్యాంకు ప్రాంతీయ కేంద్రం ఉంది. ఒకవేళ మధ్యలో మనసు మారినా ఉద్యాన శాఖ పోస్టులు, బ్యాంకుల్లో వ్యవసాయ క్షేత్ర అధికారి పోస్టులు ఈ డిగ్రీతో రాయొచ్చు. కాబట్టి పిల్ల దారి తప్పిపోతుందని రాత్రిళ్లు నిద్ర పాడుచేసుకోకండి. ఈ డిగ్రీతో ఖాళీగా కూర్చోవాల్సి వచ్చే పరిస్థితి నాకు కనబడటం లేదు.

నీట్ గురించి ఎక్కువ చెప్పను. తనకు నిజంగా డాక్టర్ కావాలని ఉంటే లాంగ్‌టర్మ్ గురించి ఆలోచించేవాళ్లం. లేదని మీ ఉత్తరమే చెబుతోంది. ఊళ్లో వాళ్లు నాలుగు రోజులు అంటారు, మానేస్తారు.

ఈ సాయంత్రం మీరు చేయాల్సిన పని ఒకటి ఉంది. మిరప గింజ మామూలు డబ్బాలో రెండు మూడేళ్లు దాటితే మొలకశాతం పడిపోతుంది. అమ్మాయి దాచినవి ఇప్పటికే ఆ గడువు దాటాయి. తడి గుడ్డలో పాతిక గింజలు కట్టి, పది పన్నెండు రోజులు చూడమనండి. మొలిచినవి ఎన్నో లెక్కపెట్టి పుస్తకంలో రాయమనండి. ఎన్ని మొలిస్తే అన్ని, ఈ నెలాఖరుకు మీ నారుమడిలో ఒక మూల విడిగా పోయండి. చేలో నాటేటప్పుడు వాటికి రెండు వరుసలు, పక్కన మీరు వేసే రకానికి రెండు వరుసలు ఇచ్చి, ఆ నాలుగు వరుసలకూ పురుగు మందు కొట్టకుండా వదిలేయండి. అమ్మాయి కాలేజీకి వెళ్లాక, ప్రతి ఆదివారం ఏ వరుసలో ఏ మొక్క ఎలా ఉందో ఫోన్లో చెప్పాల్సింది మీరే.